బేరమాడని ఇల్లు

పోయిన వారం ఊనా హెస్లిన్‌ను కొర్రబెగ్ కొండ మీద, టియర్నన్ వాళ్ల పెరటి గుమ్మం దగ్గర, వానలో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆ మనిషిని ఇంకా తడపడం న్యాయం కాదు. లోపలికి తీసుకెళ్లే ముందు, కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

డ్రమ్‌కీల్‌లో ఉన్న ఒక్క హోటలూ మూతపడ్డాక, అందులో ఇరవై ఏళ్లు పరాయివాళ్ల పక్కదుప్పట్లు సర్దిన ఊనా, పాత వ్యాను ఒకటి కొనుక్కుని ఇళ్లు శుభ్రం చేసే పని సొంతంగా మొదలుపెట్టింది. పని వచ్చు, ధర కట్టడం రాదు. మొదట్లో గంటకింత అని చెప్పింది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లకు ఒక జబ్బుంది. శుభ్రం చేసే మనిషి వస్తోందంటే, వచ్చి ఏమనుకుంటుందోనని ముందు రోజే తామే ఇల్లంతా కడిగి పెడతారు. నాలుగు గంటల పని అనుకుని వెళ్లిన ఊనా రెండు గంటల్లో ముగించి, రెండు గంటల కూలి పుచ్చుకుని, అందులో సగం పెట్రోలుకు పోసి ఇంటికొచ్చేది. పైగా టీ. వద్దంటే ఆ ఇంటి పరువు తీసినట్టు. ఆ టీ తాగే అరగంటకు ఎవరూ కూలి కట్టరు. అందుకే గంటల లెక్క మానేసి, ఇల్లంతా తిరిగి చూసి, మొత్తానికి ఒకే ధర చెప్పడం నేర్చుకుంది. పొయ్యి మసి, కుక్క వెంట్రుకలు, మెట్లు, దారి ఖర్చు, టీ, అన్నీ అందులోనే.

ఆ ఊళ్లో ఏటా ఒక్కో ఇంటికి వంతుగా వచ్చే ఇంటి పూజ ఇప్పుడు టియర్నన్ వాళ్లకు వచ్చింది. ఫాదర్ గారు వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పూజ చేస్తారు. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి మోకరిల్లుతారు, మోకరిల్లినవాళ్ల కళ్లు మాత్రం బీరువాల కిందా కిటికీ అంచుల్లోనూ తిరుగుతుంటాయి. అలాంటి ఇంటిని అద్దంలా చేసిన మనిషి పేరు ఆ ఒక్క పూటలో ఊరంతా పాకుతుంది. ఊనాకు కావలసింది ఆ పేరే. పరాయి మనిషి చేతిలో తాళం చెవి పెట్టేవాళ్లు చూసేది చీపురు పట్టే నేర్పు కాదు, ఆ మనిషి మాట నమ్మొచ్చా లేదా అన్నది. పేరు నిలిస్తే సొంత పని నిలుస్తుంది. నిలవకపోతే బర్మింగ్‌హామ్‌లో అన్నగారింటి వెనక గది, రోజూ పొద్దున్నే వదినగారి మొహం. ఆ మొహం గుర్తొస్తే చాలు, ఊనాకు ఎక్కడలేని ఓపికా వచ్చేది.

"తలుపు తీసే ఉంది, రా" అని లోపలినుంచి ఫిడెల్మా టియర్నన్ గొంతు వినిపించింది. తీసే ఉందన్నది నిజం కాదు. గడియ లాగిన చప్పుడు ఊనా స్పష్టంగా విన్నది.

ఫిడెల్మాకు యాభై దాటాయి. ఇస్త్రీ మడత నలగని మనిషి, గొంతు ఎప్పుడూ పెంచదు. కోపమొచ్చినా అదే గొంతు, ఆదరించినా అదే గొంతు కావడంతో, ఆమె ముందు కూర్చున్నవాళ్లకు ఏది ఏదో తెలిసేది కాదు. వంటిల్లు వెచ్చగా ఉంది. అప్పుడే దించిన సోడా రొట్టె వాసన వేస్తోంది. బల్ల దగ్గర పక్క పొలం మాటీ జో కూర్చుని హామ్ శాండ్‌విచ్ నములుతున్నాడు. పెయ్యదూడ బేరం కోసం వచ్చానన్నాడు. డెబ్భై ఐదేళ్ల ముసలాయన. పశువుల సంతలో బేరం తెగకపోతే ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపేసేది ఈయనే.

"కూర్చో. టీ పోస్తాను" అంది ఫిడెల్మా. "ఇల్లు చూసి వెళ్లావుగా పోయిన వారం. ఎంతనుకుంటున్నావ్?"

"పై చివరి గది చూడలేదండీ. మీ అత్తగారు పడుకున్నారన్నారు."

"అది ఇవాళ చూద్దువుగాని. మిగతాదానికి చెప్పు."

ఊనా గొంతు సవరించుకుంది. "పొయ్యి వెనక గోడ మొత్తం కడగాలి. పైకప్పుకు మసి పట్టింది. ముందు గది కార్పెట్టు ఉతకాలి. రెండు రోజుల పని. కడిగే మందులూ గుడ్డలూ నావే. అన్నీ కలిపి నూట ఎనభై యూరోలు."

దారంతా ఈ ముక్కే వ్యానులో పైకి వల్లించుకుంటూ వచ్చింది. నూట ఎనభై అంటే ఆవిడ నూట నలభై అంటుంది, నూట అరవై దగ్గర తెగుతుంది, అదీ ఆమె లెక్క. ఆ ప్రాంతంలో బేరమాడకుండా గుడ్డు కూడా కొనరు. బేరమాడకపోతే అమ్మేవాడికే అవమానం.

ఫిడెల్మా బేరమాడలేదు. టీ పోసింది, పాల గిన్నె జరిపింది, ఊనా మొహంలోకి చూసింది.

"తక్కువ చెప్పావు. మూడు వందలు తీసుకో."

ఊనా కప్పు అందుకోబోయి ఆగింది. పశువుల బేరగాడైన వాళ్ల నాన్న ఒక మాట అనేవాడు. బేరమాడకుండా కొనేవాళ్లు రెండు రకాలట. ఒకడు డబ్బివ్వడు. రెండోవాడు నువ్వు అమ్మేది కాక మరేదో కొంటున్నాడు.

"వద్దండీ. నూట ఎనభై చాలు. పనికి తగ్గ ధరే చెప్పాను."

"మూడు వందలు."

"అంత అక్కర్లేదండీ ఫిడెల్మా గారూ. రేపు పదిమందికీ తెలిస్తే ఊనా దోచేస్తోందంటారు."

మాటీ జో నమలడం ఆపేశాడు. "ఓరి దేవుడో! కొనే ఆవిడ పైకెక్కిస్తోంది, అమ్మే పిల్ల కిందికి లాగుతోంది! అరవై ఏళ్లు సంతల్లో తిరిగాను, ఇట్లాంటి బేరం ఎక్కడా చూళ్లేదు. మీ ఇద్దరికీ మతులు పోయాయే!"

"నువ్వే తెంపు మాటీ" అంది ఫిడెల్మా నెమ్మదిగా.

ముసలాయనకు అంతకంటే ఏం కావాలి? లేచి, వెన్న చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఒక చేత్తో ఫిడెల్మా మణికట్టూ, ఇంకో చేత్తో ఊనా మణికట్టూ పట్టుకున్నాడు. "నడిమికి తెగ్గొట్టండి! రెండు వందల నలభై. కలపండి చేతులు, టీ చల్లారిపోతోంది!" అంటూ రెండు అరచేతులూ చప్పుడయ్యేలా కొట్టించాడు.

ఆ చప్పుడుతో పెరిగిన పిల్ల ఊనా. సంతలో నాన్న కాళ్ల సందున నిలబడి ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. ఫిడెల్మా నోట్లు బల్ల మీద పెట్టగానే, బుర్ర ఆలోచించేలోపే చెయ్యి తన పని తాను చేసేసింది. అందులోంచి ఒక పది నోటు తీసి వెనక్కి ఇచ్చింది. అమ్మినవాడు కొన్నవాడికి కలిసిరావాలని ఇచ్చే డబ్బది. అది చేతులు మారిందంటే బేరం ముగిసినట్టే. ఇక దేవుడొచ్చి చెప్పినా వెనక్కి పోకూడదు.

"అబ్బ! అచ్చం తండ్రి పోలిక!" అని మురిసిపోయి, మాటీ జో టోపీ పెట్టుకుని పెయ్యదూడ సంగతి కూడా మరిచి వెళ్లిపోయాడు.

ఫిడెల్మా ఆ పది నోటును మడిచి జేబులో పెట్టుకుంది. తలుపు దగ్గరికి వెళ్లి గడియ వేసి వచ్చి కూర్చుంది.

"ఇల్లు కడిగినందుకు నూట ఎనభై. నీ లెక్కలో తప్పేం లేదు. మిగతాది నీ మాటకు."

"ఏం మాటండీ?"

"ఇంకాసేపట్లో లావెల్ అని లాయరు వస్తాడు. ఈ పొలం మా అత్త డీలియా పేరున ఉంది. మా ఆయన కోలమ్ చిన్నప్పటినుంచీ ఈ మట్టిలో చాకిరీ చేశాడు. ఆయన పేరున రాస్తానని ఆవిడ ఎప్పుడో అంది. ఇప్పుడు సంతకం పెట్టించాలంటే, ఆవిడకు మతి సరిగ్గా ఉందని బయటి మనిషి ఎవరైనా చెప్పాలట. మా మాట పనికిరాదట. నువ్వు పైకెళ్లి గది చూసి వస్తావు. ఆవిడ నీతో చక్కగా మాట్లాడిందని చెప్తావు. అంతే."

"మాట్లాడతారా ఆవిడ?"

"ఈస్టర్ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు" అంది ఫిడెల్మా, అదే గొంతుతో.

ఊనా అదనపు నోట్లను వేరుచేసి ముందుకు తోసింది. "ఇవి మీ దగ్గరే ఉంచండి. నేను కడగడానికి వచ్చాను, సాక్ష్యాలు చెప్పడానికి కాదు."

ఫిడెల్మా వాటిని ముట్టుకోలేదు. "చెయ్యి కలిపావు. పది వెనక్కిచ్చావు. మాటీ జో చూశాడు. రేపు సంతలో వాడి నోటినుంచి ఏం రావాలో నువ్వే చెప్పు ఊనా. హెస్లిన్ బిడ్డ చెయ్యి కలిపి మాట తప్పిందనా? మీ నాన్న పేరు మీదేగా నువ్వు ఇల్లిల్లూ తిరిగి పని అడుక్కుంటున్నది? ఆ తర్వాత నీకు తాళం చెవి ఎవరిస్తారు?"

అడుసులో కాలు పడ్డాక గానీ అడుసని తెలియలేదు ఊనాకు. దేనికి ధర కట్టారో అడగకుండా చెయ్యి కలిపింది. తప్పు ఎదుటిదానిదా, తనదా అని తిట్టుకునే తీరిక కూడా లేదు.

"పైకెళ్లి గది చూసి రా. ఆ గది ఇంకా చూడలేదన్నావుగా" అంది ఫిడెల్మా.

ఊనా మెట్లెక్కింది. చివరి గది తలుపుకు గడియ బయటివైపున ఉంది. తీసి లోపలికి వెళ్లింది.

గది చల్లగా ఉంది. కింద అంత వేడి పొయ్యి మండుతున్నా ఇక్కడికి వెచ్చదనం రాలేదు. మంచం మీద డీలియా టియర్నన్ గోడవైపు చూస్తూ పడుకుని ఉంది. పీలగా, తెల్లగా, నోటి చివర చొంగ కారుతూ. పక్క బల్ల మీద పిలవడానికని పెట్టిన ఇత్తడి గంట ఉంది. ఊనా దుమ్ము తుడవబోయి దాన్ని ఎత్తింది. మోగలేదు. తిప్పి చూస్తే లోపల నాలుక లేదు, ఎవరో పీకేశారు.

ఊనా గంటను మెల్లగా తిరిగి బల్ల మీద పెట్టింది. హోటల్ అలవాటు కొద్దీ, మనిషి పలికినా పలకకపోయినా మాట్లాడుతూ పనిచేయడం ఆమెకు మామూలు. "కిటికీ ఎంత మసకబారిపోయింది పెద్దమ్మా, వాన కూడా కనపడట్లేదు. కాస్త తుడుస్తానుండు" అంటూ గుడ్డ తీసింది.

"తుడుస్తూనే ఉండు. ఇటు తిరక్కు."

ఊనా చెయ్యి అద్దం మీదే బిగుసుకుంది.

"తుడవమన్నాను" అంది మంచం మీది గొంతు. సన్నటి గొంతే గానీ, కత్తిలా ఉంది. "తలుపు వెయ్యకు, వేస్తే పైకొస్తుంది. నువ్వు టామ్ హెస్లిన్ కూతురివేనా? అడుగుల చప్పుడు వింటేనే తెలిసింది. మీ నాన్న నాకు కుంటి ఆవును అంటగట్టాడు ఒకసారి. మర్నాడు తనే వచ్చి డబ్బు తిరిగిచ్చి తోలుకుపోయాడు. అందుకని నీకు చెప్తున్నాను."

"పెద్దమ్మా... మీకు..."

"నా మతి నీ మతికంటే బాగుంది. సంతకం పెట్టనని మొదట్లో నోటితోనే చెప్పాను. ఏం జరిగిందో చూడు." దుప్పటి కిందినుంచి చెయ్యి బయటికి రావడం కిటికీ అద్దంలో కనిపించింది. మణికట్టు వంకరగా అతుక్కుంది. "మెట్ల మీద పడ్డానని డాక్టరుకు చెప్పారు. అప్పుడే తెలివి తెచ్చుకున్నాను. మతి లేని మనిషి సంతకం చెల్లదు. సంతకం లేనన్నాళ్లూ నేను చావకూడదు వాళ్లకు. నేను పోతే పాత వీలునామా ప్రకారం పొలమంతా మాంచెస్టర్‌లో ఉన్న నా చెల్లెలి కూతురికి పోతుంది. పిచ్చిదాన్నని వదిలేశారు కాబట్టి ఈ మంచం పక్కనే నిలబడి అన్నీ మాట్లాడుకుంటారు. సంతకం పడ్డాక ఈ చలికాలం దాటనివ్వక్కర్లేదంది నీకు టీ పోసిన మహాతల్లి."

ఊనా అద్దాన్ని తుడుస్తూనే ఉంది. అద్దం ఎప్పుడో శుభ్రమైపోయింది.

"లాయరుకు చెప్పేస్తే?"

"కోలమూ వాడూ ఒక బెంచీ మీద చదువుకున్నారు. వాడు మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. తెలియని మనిషి చేతిలో ప్రాణం పెట్టలేను. నీ చేతిలో పెడుతున్నాను. నాకు మతి లేదని చెప్పు తల్లీ. గోడవైపు చూస్తోంది, పలకదు అని చెప్పు. ఆపైన మాంచెస్టర్ పిల్లకు కబురు పెట్టు. పేరు, ఊరు చెప్తాను, గుర్తుపెట్టుకో." చెప్పింది. ఊనా పెదవులు కదుపుతూ రెండుసార్లు అనుకుంది.

"లాయరు వెళ్లాక మళ్లీ పైకొచ్చి ఏమైందో చెప్పిపో. తెలియకపోతే రాత్రంతా నిద్రపట్టదు నాకు" అంది డీలియా. వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. ముసలామె మొహంలోంచి తెలివి దీపం ఆర్పినట్టు ఆరిపోయింది. నోటి చివర మళ్లీ చొంగ కారింది.

ఊనా మెట్లు దిగింది. దిగుతూ ఉండగా తన తలరాత ఎంత వంకరదో అప్పుడు అర్థమైంది. డీలియాకు మతి ఉందని చెప్తే అది నిజం. డబ్బు పుచ్చుకున్నది కూడా ఆ మాట చెప్పడానికే. చెయ్యి కలిపిన మాట నిలుస్తుంది, నాన్న పేరు నిలుస్తుంది, పని నిలుస్తుంది. ఒక్క ముసలి ప్రాణం మాత్రం పోతుంది. అబద్ధం చెప్తే ప్రాణం నిలుస్తుంది, మిగతావన్నీ పోతాయి. నిజం ఇంత సులువుగా, ఇంత లాభంగా ఎదురుగా నిలబడటం ఆమె బతుకులో అదే మొదటిసారి.

లావెల్ తడిసిన కోటుతో వంటింట్లో నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. అలసిపోయిన మొహం.

"మా ఇల్లు చూసుకోబోయే మనిషి, ఊనా హెస్లిన్" అంది ఫిడెల్మా. "ఇప్పుడే మా అత్త దగ్గరనుంచి వస్తోంది."

"చూడమ్మా" అన్నాడు లాయరు. "నాతో ఆవిడ రెండుసార్లూ నోరు విప్పలేదు. అనుమానం ఉంటే నేను సంతకం పెట్టించను. మీకు ఈ ఇంట్లో లాభం ఏమీ లేదు కాబట్టి అడుగుతున్నాను. మీరు చూసినంతలో ఆవిడకు తెలివి ఉందా?"

ఫిడెల్మా కేటిల్ పట్టుకుని అటు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదలలేదు.

"లేదండీ" అంది ఊనా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గోడవైపు చూస్తూ పడుకుని ఉన్నారు. పలకరించినా పలకలేదు. పాపం, ఆవిడకు ఏమీ తెలియట్లేదు."

లాయరు నిట్టూర్చి సంచీ మూశాడు. "సరే ఫిడెల్మా. కోలమ్‌కు చెప్పు, నేను చేయగలిగింది లేదు." టీ తాగమంటే కూడా తాగలేదు. కారు మలుపు తిరిగేదాకా ఫిడెల్మా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. తర్వాత తలుపు మూసి, గడియ వేసి, తాళం తిప్పి, చెవి జేబులో వేసుకుంది.

అరుస్తుందనుకుంది ఊనా. తిడుతుందనుకుంది. నోట్లన్నీ బల్ల మీద పెట్టి, "మీ డబ్బు మీకే. మాటీ జోకు ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి" అంది.

"డబ్బు సంగతి వదిలెయ్" అంది ఫిడెల్మా. "నాకు ఒక్కటి చెప్పు. ఈ వంటింటికి ధర కట్టడానికి పోయిన వారం నీకెంతసేపు పట్టింది? గుమ్మంలో నిలబడి ఒక చూపు చూశావు, అయిపోయింది. ముందు గదికీ అంతే. పైన ఉన్నది ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ." ఆమె గడియారం వైపు కూడా చూడలేదు. "టీ పోసుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించాను. ఇంకా నువ్వు దిగలేదు. పలకని మనిషితో అంతసేపు ఏం చేశావ్ ఊనా?"

ఊనా చేతిలోని గుడ్డను చూపించింది. "కిటికీ తుడిచానండీ."

"తుడిచే ఉంటావు" అంది ఫిడెల్మా. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఉత్త మేజోళ్లతో, చప్పుడు లేకుండా, మొదటి మెట్టెక్కింది. రెండోది ఎక్కింది. మూడోది.

ఊనాకు ఇంకేమీ తోచలేదు. ముసలామెను ఎలాగైనా హెచ్చరించాలన్న ఒక్క తాపత్రయంతో గొంతెత్తి అరిచింది. "పెద్దమ్మా!"

పైనుంచి జవాబు వచ్చింది. స్పష్టంగా, నింపాదిగా, ఎదురుచూస్తున్న మనిషి గొంతుతో వచ్చింది.

"వెళ్లిపోయాడా తల్లీ ఆ లాయరు? ఏం చెప్పావు వాడికి?"

ఫిడెల్మా మెట్ల మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి ఊనా వైపు చూసింది. తర్వాత మిగతా మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.